ఐదు రోజుల ఎల్లోస్టోన్, ఇద్దరు పసివాళ్లు, తాతయ్య, నాయనమ్మ: మీ ప్రణాళికలో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి

నమస్కారం. మీరు అడిగినదాన్ని ముందుగా నాకు అర్థమైనట్టు చెప్పుకుంటాను, తేడా ఉంటే సరిదిద్దండి. మీరు వీసా మీద డాలస్‌లో ఉంటున్నారు. పెద్దబాబుకు ఐదేళ్లు, పాపకు రెండేళ్లు నిండాయి. పిల్లల తాతయ్య, నాయనమ్మ గుంటూరు నుంచి విజిటర్ వీసా మీద వచ్చారు, సెప్టెంబరులో తిరిగి వెళ్లిపోతారు. జులైలో మీకు దొరికిన సెలవు ప్రయాణంతో కలిపి ఐదు రోజులు. ఆ ఐదు రోజుల్లో సాల్ట్ లేక్ సిటీలో దిగి, గ్రాండ్ టీటన్, ఎల్లోస్టోన్ జాతీయ పార్కులు, కొండరాయి మీద అధ్యక్షుల ముఖాలు చెక్కిన మౌంట్ రష్‌మోర్ మూడూ చూసి రావాలని జాబితా వేసుకున్నారు, ఇది కుదురుతుందా అని అడిగారు.

పెద్దవాళ్లు మాత్రమే వెళితే, ఒళ్లు హూనమైనా ఎలాగో కుదురుతుంది. రెండేళ్ల పాపతో కుదరదు. మా పిల్లలతో ఎల్లోస్టోన్‌కు మూడుసార్లు వెళ్లాను, ఒకసారి మా అమ్మానాన్నలను కూడా తీసుకెళ్లాను. మొదటిసారి నేను వేసుకున్న జాబితా మీ జాబితాకు కవలపిల్ల. ఆ ప్రయాణంలో నాకు బాగా గుర్తున్నవి కారు వెనుక సీట్లో ఏడుపు, ముందు సీట్లో మా ఇద్దరి వాదన, వీటి మధ్య కిటికీలోంచి పరుగెత్తుతూ పోయిన కొండలు మాత్రమే. అందుకే మీ ప్రణాళికను సగానికి తగ్గించమని చెప్పబోతున్నాను, ఎక్కడెక్కడ తగ్గించాలో కారణాలతో సహా రాస్తున్నాను.

మొదట రష్‌మోర్‌ను తీసేయండి. పటంలో రెండు అంగుళాల దూరంలో కనిపిస్తుంది కాని, ఎల్లోస్టోన్ తూర్పు ద్వారం అవతల ఉన్న కోడీ ఊరి నుంచి లెక్కపెట్టినా కారులో ఆరేడు గంటల దారి, పిల్లలతో అయితే తొమ్మిది గంటలనుకోండి. తర్వాత సాల్ట్ లేక్ సిటీని తీసేయండి. అక్కడి విమానం చవకే, కాదనను. కాని అక్కడ దిగి పార్కు వాకిలి చేరేసరికి నాలుగున్నర, ఐదు గంటలు పడుతుంది, తిరుగు ప్రయాణంలో మళ్లీ అంతే, అంటే ఐదు రోజుల్లో దాదాపు ఒక పగలు మొత్తం హైవేకే పోతుంది. డాలస్ నుంచి పార్కుకు ఉత్తరాన ఉన్న బోజ్‌మన్‌కు నేరుగా విమానాలున్నాయి, అక్కడి నుంచి పడమటి ద్వారం దగ్గరున్న వెస్ట్ ఎల్లోస్టోన్ ఊరు 90 మైళ్లు, గాలటిన్ నది పక్కనే సాగే చక్కని దారిలో రెండు గంటల ప్రయాణం. టికెట్టుకు నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టినా ఆ ఆదా అయిన పగలు విలువ దానికి మించే ఉంటుంది.

ఇక మూడోది చెప్పడానికి నాకూ మనసొప్పడం లేదు. గ్రాండ్ టీటన్‌ను కూడా ఈసారికి వదిలేయండి. ఆ కొండల అందం గురించి మీరు విన్నదంతా నిజమే. పిల్లలకైతే అక్కడి స్ట్రింగ్ లేక్ అనే సరస్సులో మోకాలిలోతు తేటనీళ్లలో ఒక పూటంతా ఆడుకోవడం ఎల్లోస్టోన్‌లో ఏ వేడినీటి బుగ్గకన్నా ఎక్కువ నచ్చుతుంది. కాని అందుకు టీటన్ పక్కనున్న జాక్సన్ ఊరి వైపు కనీసం రెండు రాత్రులుండాలి. మీకు ఇంకో రెండు రోజుల సెలవు దొరికితే జాక్సన్‌లో దిగి, టీటన్‌తో మొదలుపెట్టి, దక్షిణ ద్వారం గుండా ఎల్లోస్టోన్‌లోకి వచ్చి, బోజ్‌మన్ నుంచి వెళ్లిపోండి. దొరకకపోతే ఒక్క పార్కును నెమ్మదిగా చూడండి.

ఈ పార్కు ఎంత పెద్దదో చాలామందికి అక్కడికి వెళ్లేదాకా తెలియదు. 1872లో, ప్రపంచంలోనే మొట్టమొదటి జాతీయ పార్కుగా ఏర్పడిన ఎల్లోస్టోన్ దాదాపు 9,000 చదరపు కిలోమీటర్లు. లోపలి ముఖ్యమైన రోడ్డు ఇంగ్లీషు ఎనిమిది అంకె ఆకారంలో 142 మైళ్లు తిరుగుతుంది. ఎక్కడా 45 మైళ్ల వేగం దాటకూడదు. దానికి తోడు అడవిదున్నల (బైసన్) మంద రోడ్డెక్కిందంటే అది దిగేదాకా అందరూ ఆగాల్సిందే, అది పది నిమిషాలూ కావచ్చు, గంటా కావచ్చు. అందుకే ఫోన్‌లోని పటం చూపే సమయానికి సగం కలుపుకోండి. బస ఎక్కడ అన్నది ఈ ప్రయాణంలో అన్నిటికన్నా పెద్ద నిర్ణయం కావడానికీ ఇదే కారణం.

పార్కు లోపలి లాడ్జీలు అద్భుతంగా ఉంటాయి. 1904లో తెరిచిన ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ఇన్‌ను, ఆ దుంగల కట్టడాన్ని, లోపలి రాతి పొగగొట్టాన్ని చూడటానికైనా ఒకసారి వెళ్లాలి. కాని ఆ గదుల బుకింగ్ సుమారు ఏడాది ముందే మొదలవుతుంది, జులైకి ఇప్పుడు దొరికితే ఎవరో రద్దు చేసుకున్నదే దొరకాలి. దొరికినా గదిలో వంట చేసుకోవడానికి లేదు. టీవీ, ఏసీ ఉండవు. ఫోన్ సిగ్నల్ అంతంతమాత్రం. మీ కుటుంబానికి నేను చెప్పేది, వెస్ట్ ఎల్లోస్టోన్ ఊళ్లో వంటగది ఉన్న ఇల్లో క్యాబినో మూడు రాత్రులకు, ఉత్తర ద్వారం దగ్గర గార్డినర్‌లో చివరి రాత్రికి ఒక గది. రోజుకో ఊరు మారితే రోజూ పొద్దున్నే ఆరుగురి సామాను సర్దే పని మీదే అవుతుంది. రద్దు చేసుకునే వీలున్న గదులను ఈ వారమే పట్టుకోండి, మిగతావన్నీ తర్వాత ఆలోచించుకోవచ్చు.

ఇప్పుడు రోజు ఎలా గడవాలో చెబుతాను. నా అనుభవంలో పసిపిల్లల ప్రయాణమంతా మధ్యాహ్నం నిద్ర అనే ఒక్క ఇరుసు మీద తిరుగుతుంది. మీ పాప ఇంట్లో ఒంటిగంటకు పడుకుంటుందనుకుందాం. ఆ సమయానికి మీరు కారులో, కదులుతూ ఉండాలి. కనుక పొద్దున ఏడింటికల్లా బయలుదేరి పదకొండు వరకు నడిచి చూసేవి చూడటం, పదకొండున్నరకు ఎక్కడైనా పిక్నిక్ బల్ల దగ్గర అన్నం పెట్టడం, అన్నమయ్యాక ఒకచోటి నుంచి మరోచోటికి వెళ్లే ఆ గంట, గంటన్నర దారిని పాప నిద్రకు కేటాయించడం, లేచాక చిన్నది ఇంకొక్కటి చూసి సాయంత్రం ఐదారింటికి బసకు చేరడం. అంటే రోజుకు పెద్దది ఒకటి, చిన్నది ఒకటి. ఇంతకుమించి పెట్టుకోకండి. పొద్దున్నే వెళ్లడంలో ఇంకో లాభం ఉంది. తొమ్మిది, పది దాటితే పేరున్న చోట్ల కారు ఆపడానికి చోటు దొరకదు, చోటు కోసం ఎండలో చక్కర్లు కొట్టే కారులో పిల్లలు ఊరుకోరు.

ఈ లెక్కన మొదటి రోజు మధ్యాహ్నానికి బోజ్‌మన్‌లో దిగి, అక్కడే పెద్ద దుకాణంలో పాలు, పెరుగు, పళ్లు, కూరగాయలు, నీళ్ల సీసాలు కొనుక్కుని వెస్ట్ ఎల్లోస్టోన్ చేరండి. ద్వారం దగ్గరి ఊళ్లలో ధరలు ఎక్కువ, మనకు కావలసినవి తక్కువ. ఆ సాయంత్రం పార్కులోకి వెళ్లాలని ఆరాటపడకండి. ఊళ్లోనే ఎలుగుబంట్లు, తోడేళ్లు ఉండే సంరక్షణ కేంద్రం ఒకటుంది. అడవిలో వదలడానికి వీలుకాని జంతువులను అక్కడ పెంచుతారు. మర్నాటి నుంచి అడవిలో ఎలుగుబంటి కనబడకపోయినా ‘చూశాం కదా’ అనే తృప్తి మీ బాబుకు ముందే దక్కుతుంది.

రెండో రోజు ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే గీజరు, అంటే నేలలోంచి వేడినీళ్లను ఎగజిమ్మే బుగ్గ. వెస్ట్ ఎల్లోస్టోన్ నుంచి 30 మైళ్లు. అది సగటున గంటన్నరకు ఒకసారి చిమ్ముతుంది, తర్వాతిది ఎప్పుడో పది నిమిషాలు అటూ ఇటూగా రేంజర్లు (పార్కు సిబ్బంది) ముందే చెబుతారు, ఆ సమయం విజిటర్ సెంటర్‌లో రాసి ఉంటుంది, పార్కు సర్వీసు యాప్‌లోనూ కనిపిస్తుంది. మొదటిసారి మేము సమయం చూసుకోకుండా వెళ్లి, అప్పుడే అయిపోయిందని తెలిసి, మూడేళ్లవాడిని బెంచీ మీద గంటన్నర కూర్చోబెట్టే ప్రయత్నం చేశాం. అది అయ్యే పని కాదు. సమయం చూసుకుని పది నిమిషాల ముందు చేరండి. ఇంటి దగ్గరుండగానే దాని ప్రత్యక్ష ప్రసారాన్ని పార్కు వెబ్‌సైటులో పిల్లలకు రెండు మూడుసార్లు చూపించండి. తెలిసినదాని కోసం పిల్లలు ఎదురుచూస్తారు, తెలియనిదాని కోసం చూడరు.

అక్కడి నుంచి తిరిగి వచ్చే దారిలో ఫౌంటెన్ పెయింట్ పాట్ దగ్గర తప్పకుండా ఆగండి. పసిపిల్లలతో పార్కు మొత్తంలో ఒక్కటే చూడాలంటే నేను దాన్నే చెబుతాను. అర మైలు చెక్కబాటలో గీజరు, వేడినీటి బుగ్గ, ఆవిరి రంధ్రం, బురదగుంట నాలుగూ ఉంటాయి. ఉడుకుతున్న సున్నం బానలా బుడగలు పగులుతున్న ఆ బురదను మా పాప అరగంట సేపు కదలకుండా చూసింది, గ్రాండ్ ప్రిస్మాటిక్ అనే రంగుల వేడినీటి బుగ్గను మాత్రం రెండు నిమిషాలే చూసింది. గ్రాండ్ ప్రిస్మాటిక్ రంగులు బాగా కనిపించాలంటే పొద్దున చల్లటి వేళ కాక ఎండెక్కాక చూడాలి, లేకపోతే ఆవిరే కనిపిస్తుంది. దాన్ని పైనుంచి చూసే చోటుకు ఫెయిరీ ఫాల్స్ బాట నుంచి ఒకవైపు 0.6 మైళ్లు నడవాలి, చివర కొద్దిగా ఎక్కుడు ఉంది. మీలో ఒకరు బాబుతో వెళ్లి, మిగతావాళ్లు కింద ఉండటం మంచిది.

మూడో రోజు కేన్యన్ అనే లోతైన రాతి లోయ వైపు వెళ్లండి. మ్యాడిసన్, నోరిస్ మీదుగా 40 మైళ్లు. ఆర్టిస్ట్ పాయింట్ నుంచి 308 అడుగుల లోయర్ ఫాల్స్ జలపాతం కనిపిస్తుంది, కారు ఆపేచోటి నుంచి సిమెంటు బాట, తాతయ్య, నాయనమ్మ హాయిగా నడవగలరు. జలపాతం అంచుదాకా దింపే బాట ఇంకొకటి ఉంది, కొద్ది దూరంలోనే 600 అడుగులు దిగి మళ్లీ ఎక్కాలి, బోర్డు చూసి ముచ్చటపడి దిగవద్దు. ఆ తర్వాత హేడెన్ లోయలో కారు నెమ్మదిగా పోనిస్తే అడవిదున్నలు మందలు మందలుగా కనిపిస్తాయి, జులై చివరికి మగవి గుర్రుమంటూ ఒకదాన్నొకటి తలలతో కుమ్ముకోవడం కూడా చూడవచ్చు. ఇంకొంచెం దిగువన మడ్ వాల్కనో దగ్గర ‘డ్రాగన్స్ మౌత్’ అనే గుహ లోపలి నుంచి ఏదో జంతువు రొప్పుతున్నట్టు చప్పుడు చేస్తూ ఆవిరి కక్కుతుంది. మీ బాబు చేత లోపల ఎవరున్నారో కథ చెప్పించండి. అక్కడ కుళ్లిన కోడిగుడ్డు వాసన గట్టిగా వస్తుంది, ముందే చెప్పకపోతే కారు దిగనని మొరాయించవచ్చు.

నాలుగో రోజు నోరిస్, మామత్ మీదుగా గార్డినర్ చేరండి, దారి మొత్తం 54 మైళ్లే కాబట్టి తొందర లేదు. ఐదో రోజు తెల్లవారుజామున ఓపికున్న ఇద్దరు లమార్ లోయకు వెళ్లి రావచ్చు. 1995లో కెనడా నుంచి తెచ్చి వదిలిన తోడేళ్ల సంతతిని చూడటానికి దుర్భిణీలతో వచ్చినవాళ్లు రోడ్డు పక్కన నిలబడి ఉంటారు, అడిగితే మనకూ చూపిస్తారు. మిగతావాళ్లు నిద్రపోనివ్వండి. గార్డినర్ నుంచి బోజ్‌మన్ విమానాశ్రయం గంటన్నర.

ఇక భద్రత గురించి మొహమాటం లేకుండా రాస్తాను. ఎల్లోస్టోన్‌లో నేను భయపడేది ఎలుగుబంటికి కాదు, వేడినీళ్లకు. ఆ ఎత్తులో నీళ్లు 93 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతాయి, చాలా బుగ్గలు ఆ వేడికి దగ్గరగానే ఉంటాయి. చుట్టూ గట్టి నేలలా కనిపించేది చాలాచోట్ల పలుచని పెంకు, దాని కింద మరిగే నీళ్లు. పార్కు చరిత్రలో ఈ నీళ్లలో కాలి 20 మందికి పైగా చనిపోయారు. చాలా చెక్కబాటలకు కటకటాలు ఉండవు. మా రెండో ప్రయాణంలో గాలికి టోపీ ఎగిరి బాటకు రెండడుగుల అవతల పడింది, మావాడు చటాలున వంగాడు. చొక్కా కాలరు నా చేతికి చిక్కింది కనుక సరిపోయింది. అప్పటి నుంచి మా ఇంట్లో ఒక నియమం ఉంది: కారు దిగేముందే ‘బాబు ఫలానావారి చేతిలో, పాప ఫలానావారి చేతిలో’ అని పేరు పెట్టి చెప్పుకోవాలి, ఫొటో తీసేవాళ్ల చేతిలో పిల్లలు ఉండకూడదు. నలుగురు పెద్దవాళ్లున్నప్పుడే, ఎవరో ఒకరు చూస్తున్నారులే అనుకుంటూ ఎవరూ చూడకపోవడం ఎక్కువ జరుగుతుంది. పాపను వీపుకు కట్టుకునే క్యారియర్‌లో ఉంచండి, తోపుడుబండి సిమెంటు బాటల మీద బాగుంటుంది కాని మెట్లున్న చెక్కబాటల మీద భారమే. టోపీలకు గడ్డం కింద కట్టుకునే తాడు ఉండాలి.

జంతువుల విషయంలో నియమం స్పష్టంగా ఉంది: ఎలుగుబంట్లకు, తోడేళ్లకు 100 గజాలు, దున్నలు, దుప్పులు మొదలైన వాటన్నిటికీ 25 గజాలు. అడవిదున్న మన ఊరి గేదెలా కనిపిస్తుంది, పెద్దవాళ్లు పల్లెలో పుట్టిపెరిగినవాళ్లయితే ఏం చేయదులే అనుకుంటారు. మా నాన్నగారు అలాగే రెండడుగులు ముందుకు వేశారు. అది గంటకు 35 మైళ్ల వేగంతో పరుగెత్తగలదు. జాలి కూడా పనికిరాదు. 2016లో సందర్శకులు దున్నదూడ చలికి వణుకుతోందని కారులో ఎక్కించుకుని రేంజర్ల దగ్గరకు తెచ్చారు, ఆ తర్వాత మంద దాన్ని తిరిగి చేర్చుకోలేదు, చివరికి దాన్ని చంపక తప్పలేదు. ఈ సంగతి తాతయ్యగారికి ముందే చెప్పి ఉంచండి. ఎలుగుబంటి స్ప్రే విమానంలో తీసుకెళ్లనివ్వరు, అక్కడే కొనాలి లేదా అద్దెకు తీసుకోవాలి. అది జంతువు మీద కొట్టేది, దోమల మందులా ఒంటికి పూసుకునేది కాదు. నవ్వకండి, అలా పూసుకున్నవాళ్లున్నారు. తినేదేదీ బల్ల మీద, కారు బయట వదలకండి, చిప్స్ పొట్లం కూడా.

పెద్దవాళ్లకు ఎత్తు గురించి చెప్పాలి. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ 7,300 అడుగుల పైన, కేన్యన్ ఇంకా ఎత్తున ఉన్నాయి. గుంటూరు, డాలస్ ఊపిరితిత్తులకు మొదటి రోజు ఆయాసం, తలనొప్పి సహజం. బీపీ, గుండె మందులు వాడుతుంటే వాళ్ల డాక్టరుతో ముందే మాట్లాడండి, విజిటర్ ఇన్సూరెన్స్ కాగితం పర్సులో పెట్టండి. పార్కు లోపల ఓల్డ్ ఫెయిత్‌ఫుల్, లేక్, మామత్ దగ్గర క్లినిక్‌లున్నాయి, పెద్ద ఆసుపత్రి కావాలంటే బయటికి రావాలి. జులైలో పగలు 25 డిగ్రీలున్నా రాత్రి స్వెటరు తప్పదు, మధ్యాహ్నాలు ఉరుములతో వానలు పడతాయి.

భోజనం ఎత్తుతో ముడిపడిన ఇంకో సంగతి. 93 డిగ్రీల దగ్గరే మరిగే నీళ్లలో, మామూలు గిన్నెలో అన్నం ఉడకడానికి ఎక్కువసేపు పడుతుంది, పప్పుకైతే ఇంకా చాలాసేపు. ఇన్‌స్టంట్ పాట్ లాంటి ప్రెషర్ కుక్కర్ సామానులో పెట్టుకోండి, గింజ గింజగా మిగిలిన అన్నంతో మేము తిన్న మొదటి రాత్రి భోజనం నాకింకా గుర్తుంది. వేయించిన ఉప్మారవ్వ, పులిహోర పేస్టు, ఆవకాయ ఇంటి నుంచి, పెరుగు అక్కడ. పొద్దున్నే కలిపిన పెరుగన్నం ఐసు పెట్టెలో ఉంటే పిల్లల మధ్యాహ్నం గడిచిపోతుంది.

వాహనం గురించి రెండు మాటలు. ఆరుగురికీ సామానుకూ మినీవ్యానే సరిపోతుంది. పార్కులో ఎక్కువ భాగం ఉన్న వ్యోమింగ్ రాష్ట్ర చట్టం ప్రకారం తొమ్మిదేళ్లలోపు పిల్లలకు వాళ్ల సీటు ఉండాల్సిందే. అద్దె కంపెనీ ఇచ్చే సీట్ల మీద ఆధారపడకుండా మీవే తీసుకెళ్లండి, అమెరికా విమానాల్లో వాటిని ఉచితంగానే చెకిన్ చేయనిస్తారు. డిక్కీలో పిల్లల పాటీ ఒకటి ఉంచండి. చాలాచోట్ల నీళ్లు లేని గుంట మరుగుదొడ్లే ఉంటాయి, అప్పుడే డయపరు మానిన పిల్లలు ఆ చీకటి గుంట చూసి భయపడతారు. పటాలను, పార్కు యాప్‌ను ఫోన్‌లోకి ముందే దించుకోండి.

ప్రవేశ రుసుము వాహనానికి ఏడు రోజులకు 35 డాలర్లు, అమెరికా నివాసులకు ఏడాది పాసు 80. అయితే 2026 జనవరి నుంచి ఎల్లోస్టోన్‌తో సహా 11 పార్కుల్లో 16 ఏళ్లు నిండిన విదేశీ సందర్శకులకు మనిషికి 100 డాలర్ల అదనపు రుసుము పెట్టారు. మీ అత్తమామలకు, వీసా మీదున్న మీకు ఈ నియమం ఎలా వర్తిస్తుందో, పాసు తీసుకుంటే ఏది కలిసొస్తుందో పార్కు అధికారిక పేజీలో చదువుకుని, అందరి గుర్తింపు కార్డులు దగ్గర పెట్టుకుని వెళ్లండి.

చివరగా, బాబు విసిగిపోతాడేమోనని అడిగారు. పార్కులో మొదటి రోజే విజిటర్ సెంటర్‌లో పిల్లల కోసం ఇచ్చే జూనియర్ రేంజర్ పుస్తకం తీసుకోండి, నాలుగేళ్లు నిండినవారికి ఇస్తారు. అందులో బొమ్మలు గీసి, చూసిన జంతువులకు గుర్తులు పెట్టి, రేంజరు మాట విని వస్తే, రేంజరే చేయెత్తించి ప్రమాణం చేయించి బ్యాడ్జి ఇస్తారు. పుస్తకం నింపే పని తాతయ్యకు అప్పజెప్పండి. మా నాన్నగారికి ఇంగ్లీషు అంతగా రాదు, మావాడికి అప్పటికి చదవడం రాదు. ఇద్దరూ కలిసి బొమ్మలు చూసి రెండు రోజుల్లో పుస్తకం నింపేశారు. ప్రమాణం చేయించేటప్పుడు రేంజరు ఇద్దరి చేతా చేతులెత్తించారు.

గదులు దొరికాక తేదీలు రాయండి, ఏ రోజు ఎక్కడ భోజనానికి ఆగాలో పిక్నిక్ చోట్లతో సహా చెబుతాను.